అక్టోబరు సెలవు దాటాక పొగ

టొటారా బేలో వానని తిట్టే హక్కు మర్డాక్ మెకిన్నన్‌ది. మిగతావాళ్లు తిట్టకూడదని కాదు. ఆయన తిట్టాక ఇంకెవరికీ తిట్లు మిగలవు, అంతే. నలభై ఏళ్లు పాల లారీ నడిపి, డెబ్బై ఎనిమిదో ఏట కూడా పన్నెండు నెలలూ నిక్కరుతోనే తిరిగే మనిషి. న్యూజీలాండ్ ఉత్తర కొసన ఉన్న ఆ ఊళ్లో చలికాలమనేదే లేదని ఊరి మొదట్లో బోర్డు పెట్టి మరీ చెప్పుకుంటారు. నవంబరు వచ్చి, అక్కడ డిసెంబరులో మొదలయ్యే వేసవి వాకిట్లో నిలబడాల్సిన రోజుల్లో ఆ బోర్డుకి నాచు పట్టి సగం అక్షరాలు మింగేసింది.

"ఇదొక వసంతమా?" అనేవాడు మర్డాక్ కొట్టు వరండాలో నిలబడి. "జలుబు చేసిన గొర్రె ముక్కులా మూడు వారాల్నించీ కారుతూనే ఉంది. అరవై తొమ్మిదిలో ఇదే నెలలో ఏం ఎండ కాసిందనుకున్నారు! మా పెట్టలు ఉడికిన గుడ్లే పెట్టేవి. ఉప్పు జల్లుకుని తినడమే."

"పెంకు కూడా అవే ఒలిచి పెట్టేవా?" అనేది కొట్టు నడిపే నైరీ, తల ఎత్తకుండానే.

"కష్టపడితే ఒలిచేవేమో. అప్పటి కోళ్లకి మర్యాద ఉండేది."

ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. అక్టోబరు చివర వచ్చే కార్మికుల సెలవునాడు ఇంటింటా టమాటా మొక్కలు నాటుతారు, అదే రోజు ఇల్లు వెచ్చబెట్టే కట్టెల పొయ్యి మూసేస్తారు. బూడిద ఎత్తి, పొయ్యి తుడిచి, లోపల ఒక పూలకుండీ పెట్టేస్తే మళ్లీ మే నెల దాకా దాని మొహం చూడరు. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. పదకొండేళ్ల కిందట మర్డాక్ దానికి ఒక శిక్ష కూడా తగిలించాడు. సెలవు దాటాక ఎవరి పొయ్యి గొట్టంలోంచి పొగ వస్తే వాళ్లు శనివారం పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ ఆటకి తలమీద టీ కెటిలు తొడుగు పెట్టుకుని రావాలి. టీ చల్లారకుండా కెటిలుకి తొడిగే ఊలు తొడుగది. పచ్చా గులాబీ చారలు, నెత్తిన ముంజకాయంత కుచ్చు. కెటిలు కొమ్ముకో కన్నం, పిడికో కన్నం ఉంటాయి కదా, వాటిలోంచి మనిషి చెవులు కొలత తీసినట్టు బయటికొస్తాయి. దాన్ని నైరీ కొట్లో గల్లాపెట్టె పైన మేకుకి తగిలించి ఉంచుతారు, ఊరందరికీ కనబడేలా.

ఈ ఏడు మొదటి బలి అవకాడో తోట స్టీపాన్. సెలవు సోమవారం మర్డాక్ తన పెరట్లో మిగిలిన కట్టెలన్నీ "నాకెందుకయ్యా ఇవి, ఎండాకాలం వచ్చేసింది" అంటూ నలుగురు చూస్తుండగా స్టీపాన్ బండిలో వేయించాడు. స్టీపాన్ మంగళవారమే వాటిని వెలిగించాడు. శనివారం అతను తొడుగు పెట్టుకుని బంతి దొర్లిస్తుంటే మర్డాక్ పావుగంట ప్రసంగం చేశాడు. స్టీపాన్ తాతలు ఎండ కాసే ఊరి నుంచి ఓడెక్కి వచ్చారనీ, ఓడలో ఎక్కడో ధైర్యం జారి సముద్రంలో పడిందనీ, దాన్ని మింగిన చేప ఇప్పటికీ చలికి వణకదనీ చెప్పాడు. అందరూ నవ్వారు. స్టీపాన్ కూడా నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులు అందరికీ కనబడుతూనే ఉన్నాయి.

బయట ఇంత పల్లకీ మోత మోగించుకుంటున్న మర్డాక్‌కి ఇంట్లో ఈగల మోత వేరే ఉంది. భార్య ఐలా పోయి నాలుగేళ్లయింది. మాట్లాడడానికి రేడియో తప్ప ఎవరూ లేరు. అదీ వాతావరణం చెప్పేటప్పుడు పోట్లాటకొస్తుంది. ఆయన అక్క ఎఫీ పెళ్లయి దేశం దక్షిణ కొసకి వెళ్లి యాభై మూడేళ్లు. మంచుగడ్డల గాలి, గొర్రెలు, బొగ్గు పొయ్యి, ఇదీ అక్కడి కాపురం. బావ పోయాక ఇల్లు అమ్మకానికి పెట్టింది. అమ్మి తమ్ముడి దగ్గరికి రావాలా, అమ్మకుండా అక్కడే ఉండిపోవాలా అని రెండు వారాలు చూసిపోదామని వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా ప్రతి ఆదివారం ఫోన్లో "ఇక్కడ కోటు అనేది బట్టల కొట్లో చూడ్డానికే అక్కా" అని ఊదరగొట్టినవాడు మర్డాకే. ఇల్లు కొంటానన్న దంపతులు శుక్రవారం మధ్యాహ్నంలోగా ఏదో ఒక మాట చెప్పమన్నారు. ఉండిపో అని నోరు తెరిచి అడగడం మర్డాక్‌కి చేతకాదు. తన తరఫున ఎండ మాట్లాడుతుందనుకున్నాడు. అది మొహం చాటేసింది.

గురువారం పొద్దున ఎఫీ వంటింట్లో ఓవర్‌కోటు వేసుకుని చీజ్ రోల్స్ కాల్చింది. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. తినేలోపు రెండుసార్లు దగ్గింది.

"ఒరేయ్, పొయ్యి వెలిగించు."

"ఏ పొయ్యి అక్కా?"

"నీ ఇంట్లో ఎన్నున్నాయిరా? పెళ్లికూతురిలా పూలు పెట్టుకుని కూర్చుందే, అది."

"సెలవు దాటాక వెలిగించకూడదు."

"ఎవరన్నారు?"

"ఊరు," అని నసిగాడు మర్డాక్.

"ఊరంటే నువ్వేగా! ఆ చెవుల టోపీ భాగోతమంతా నైరీ చెప్పింది నాకు." ఎఫీ రెండు చేతులూ కప్పు చుట్టూ చుట్టింది. "చూడరా, మా దగ్గర చలి వీధిలో ఉంటుంది. తలుపేస్తే లోపలికి రాదు. మీ ఊళ్లో చలి ఇంట్లో కాపరముంటోంది. ఓర్చుకోలేకపోతే మనమే బయటికి పోయి నించోవాలి."

"ఇది చలి కాదక్కా. చల్లదనం."

"మోకాళ్లు చూసుకో. వంకాయలు నయం."

మర్డాక్ మోకాళ్లు బల్ల కిందికి లాక్కున్నాడు. "రేపటికి తెరిపిస్తుంది చూడు."

"పదకొండు రోజులుగా ఇదే రేపు. నా రేపు మాత్రం నిజంగా రేపే. వాళ్లకి మాట చెప్పాలి." ఎఫీ కప్పు బల్ల మీద పెట్టింది. "ఆఖరిసారి అడుగుతున్నాను. వెలిగిస్తావా లేదా?"

మర్డాక్ లేచి సంచి అందుకున్నాడు. "రొట్టె అయిపోయినట్టుంది. కొట్టు దాకా వెళ్లొస్తాను." రొట్టె అయిపోలేదు. బల్ల మీదే ఉంది.

కొట్టు వరండాలో జనం ఉంటే చాలు, ఆయనకి ఒంట్లో వేడి పుడుతుంది. ఆ పూట స్టీపాన్, ఇంకో నలుగురు మాంసం కూరిన వేడి పైలు తింటూ వాన వంక చూస్తున్నారు. మర్డాక్ ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకోకుండానే మొదలుపెట్టాడు.

"వాన చిక్కదనం చూశారా! నిన్న సాయంత్రం ఒక స్నాపర్ చేప సముద్రంలోంచి ఈ వానలోకి ఎక్కి, ఈదుకుంటూ మా కప్పు దాకా వచ్చింది. చూరు కింద నిలబడి నన్ను దారి అడిగింది."

"నువ్వేం చెప్పావు?" అన్నాడు స్టీపాన్.

"ఎడమకి తిరిగితే స్టీపాన్ ఇల్లొస్తుంది, పొయ్యి వెలుగుతుంటుంది, నిన్ను వేయించి పెడతారు, అటు పోకు అన్నాను."

నవ్వులు ఆగకముందే మర్డాక్ కళ్లు కొండవైపు తిరిగాయి. వాన తెర వెనక ఎక్కడో తెల్లటి పొగ లేస్తోంది. ఆయనకి దూరపు చూపు ఆనదు. పొగ మాత్రం పొగలాగే ఉంది.

"అరెరె! చూశారా అక్కడ!" చెయ్యి చాచి అరిచాడు. "దొరికాడురా ఇంకొకడు! ఎవడు వాడు? ఎవడింట్లోరా ఆ వణుకుగొర్రె? పట్టపగలు, నవంబరు నెల్లో, సిగ్గూ శరమూ లేకుండా! పొగ చూడండి, తడి కట్టె, పొయ్యి రాజెయ్యడం కూడా చేతకాని మొహం. రేపు పొద్దున బస్సులో కుదేసి దక్షిణానికి తోలెయ్యాలి. పెంగ్విన్ల మధ్య కూర్చుని చలి కాచుకోమనాలి!"

ఎవరూ నవ్వలేదు. పై తింటున్న ఒకాయన నమలడం ఆపేశాడు. మర్డాక్ వాళ్ల మొహాలు చూసి, మాట అర్థం కాలేదేమోనని పెంగ్విన్ల ముక్క మళ్లీ చెప్పాడు.

"మర్డాక్," అన్నాడు స్టీపాన్ నెమ్మదిగా. "కొండ మీద చివర్నించి మూడో ఇల్లు ఎవరిది?"

మర్డాక్ వేలితో లెక్కపెట్టాడు. మళ్లీ ఇంకోవైపు నుంచి లెక్కపెట్టాడు. ఎటునుంచి లెక్కపెట్టినా ఆ ఇల్లు ఆయనదే.

"ఇంకో సంగతి పెద్దాయనా," అంది నైరీ. కొట్లో బస్సు టికెట్లు అమ్మేదీ ఆవిడే. "నువ్వొచ్చే ముందే మీ అక్క ఫోన్ చేసింది. రేపు పొద్దున బస్సులో ఒక సీటుందా అని. ఉందని చెప్పి రాసేశాను."

రేపు పొద్దున బస్సు. దక్షిణానికి. తను నోటితో తోలేసింది ఎవర్నో అప్పటికి తెలిసింది మర్డాక్‌కి. పైన వానా, కింద మోకాళ్లూ ఒక్కసారి జ్ఞాపకం వచ్చాయి. రొట్టె సంచి ఖాళీగానే చేతిలో వేలాడుతోంది. అక్క ఏం కాలుస్తోంది అసలు? ఇంట్లో ఒక్క పుల్ల లేదు.

"స్టీపాన్," అన్నాడు. "నీ దగ్గర కట్టెలేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి. నువ్విచ్చినవే."

"ఒక తోపుడుబండెడు ఇస్తావా?"

స్టీపాన్ చేతిలోని పై ఆఖరి ముక్క నోట్లో వేసుకుని, నమిలి, వేళ్లు తుడుచుకున్నాడు. పావుగంట ప్రసంగం విన్న మనిషి పావు నిమిషమైనా తీసుకోవాలి కదా. తర్వాత గల్లాపెట్టె పైన మేకు వంక చూశాడు.

"శనివారం ఇంకా రాలేదు," అన్నాడు మర్డాక్.

"నిజమే. కట్టెలు కూడా శనివారం తీసుకెళ్లు."

మర్డాక్ లోపలికి వెళ్లాడు. మేకుకున్న తొడుగు తీసుకుని, తనే తలమీద పెట్టుకుని, తనే చెవులు రెండూ కన్నాల్లోంచి బయటికి లాక్కున్నాడు. లోపల వెచ్చగా ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

టొటారా బే వీధిలో ఆ తర్వాత పావుగంట ఊరేగింపు నడిచింది. రబ్బరు గమ్ బూట్లు, నిక్కరు, వంకాయ మోకాళ్లు, నెత్తిన గులాబీ చారలు, ముందు కట్టెల బండి, మీద గోనె కప్పి. కిటికీల్లోంచి జనం చూశారు. బడి పంతులమ్మ గుమ్మంలోకొచ్చి ఫోటో తీసింది. మర్డాక్ తల వంచుకోలేదు. వంచుకుంటే కుచ్చు కళ్లలో పడుతోంది. ఆయన కొండ సగం ఎక్కేసరికి వెనక పంతులమ్మ గొట్టంలోంచి పొగ లేచింది. ఆ వెనకే పోస్టాఫీసు వాళ్లది, దాని వెనక ఇంకోటి. దొంగవెధవలు, అందరూ పుల్లలు పేర్చుకుని సిద్ధంగానే కూర్చున్నారు!

ఇంట్లో ఎఫీ పొయ్యి ముందు కుర్చీ వేసుకుని, మేజోళ్లు ఊడదీసి, కాళ్లు చాపుకుని కూర్చుంది. పూలకుండీ కిటికీ ఎక్కింది. గుమ్మం పక్కన పెట్టె, పట్టీ బిగించి, సిద్ధంగా ఉంది.

"నెత్తిన ఏమిట్రా అది?"

"నేను పెట్టిన శిక్షే."

"నీకు బాగా నప్పింది," అంది ఎఫీ, నవ్వకుండా. "నీ టమాటా కర్రలు కాల్చేశాను. మొక్కలన్నీ కుళ్లి చచ్చాయి. కర్రలు ఒక్కటే నిలబడి దేనికి ఊతమిస్తాయి పాపం. ఇదిగో ఆఖరిది." పొయ్యి తలుపు తెరిచి దాన్ని లోపలికి తోసింది.

మర్డాక్ కట్టెలు రెండు తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. నిలబడే ఉన్నాడు. బట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఇక్కడ చలిగానే ఉంటుందక్కా," అన్నాడు చివరికి. "ఈ ఏడే కాదు. రెండేళ్లకో మూడేళ్లకో ఇలాగే ఏడుస్తుంది. ఇల్లంతా సందులే. ఐలా క్రిస్మస్ దాకా రెండు స్వెట్టర్లు వేసుకునేది. ముప్ఫై ఏళ్లూ నీకు ఫోన్లో అబద్ధాలే చెప్పాను."

"తెలుసు. ఐలా ప్రతి ఉత్తరంలో రాసేది. మీ తమ్ముడు ఏం చెప్పినా నమ్మకు వదినా అని కూడా రాసేది."

"తెలిసీ ఎందుకొచ్చావు మరి?"

"ఎండ కోసం ఎవరొచ్చార్రా? నీకోసం వచ్చాను. వచ్చి చూస్తే నువ్వు వాతావరణ శాఖలో ఉద్యోగం చేస్తున్నావు." ఎఫీ గొంతులో వేడి పెరిగింది. "అబద్ధాలకోరుతో బతగ్గలను. మా ఆయనతో యాభై ఏళ్లు బతికాను. నలుగురు నవ్వుతారని అక్కని చలికి బిగుసుకుపోయేలా కూర్చోబెట్టేవాడితో మాత్రం నావల్ల కాదు. అందుకే సీటు అడిగాను."

మర్డాక్ నేల వంక చూశాడు. కాళ్ల కింద చిన్న మడుగు కట్టింది.

"రోజూ సింకు దగ్గర నించుని డబ్బాలోంచి చిక్కుడు గింజలు తింటున్నాను," అన్నాడు. "నాలుగేళ్లుగా. గిన్నెలో కూడా వేసుకోను. ఉండిపో అక్కా."

ఎఫీ ఆ మనిషిని, ఆ నెత్తి మీది కుచ్చుని చూసింది. దగ్గు వచ్చింది, దగ్గింది. తర్వాత చెయ్యి చాపి ఫోను తెమ్మంది.

"హలో, నేనే, ఎఫీని... ఆఁ, ఆలోచించాను. ఇల్లు మీదే. వంటింట్లో బొగ్గు పొయ్యి మాత్రం నాది. అది నాతో వస్తుంది... అదేమిటండీ, ఇంటితో పాటు పొయ్యి అని ఎవరన్నారు? అది మా అత్తగారిది... లేదు. కుదరదు. అయితే మీరు ఇంకో ఇల్లు చూసుకోండి."

మర్డాక్ గుండె జారి గమ్ బూటులో పడింది. వద్దు, పొయ్యి వదిలెయ్యి అని రెండు చేతులూ ఊపాడు. ఎఫీ అటు తిరిగి కూర్చుంది. అవతల ఆ మొగుడూ పెళ్లాలు గుసగుసలాడుకుంటున్నట్టున్నారు. రేకుల మీద వాన మోత. ఒక కట్టె చిటపటమంది.

"ఊఁ," అంది ఎఫీ. "ఊఁ... సరే. పోనీలెండి పాపం, గొట్టం మీరే ఉంచుకోండి." ఫోను పెట్టేసింది.

"గొట్టం లేకుండా ఆ పొయ్యి ఏం చేసుకుంటావక్కా?"

"గొట్టాలు ఎక్కడైనా దొరుకుతాయి. నువ్వు ముందు నైరీకి ఫోన్ చేసి ఆ సీటు వద్దని చెప్పు. తర్వాత మిగిలిన కట్టెలు లోపల పెట్టు. తడిసిపోతున్నాయి."