ఒదీల్ వైపు ఆకులు

ఒదీల్ దొంగచాటుగా తోటకు నీళ్లు పెడుతోందని గాస్తోన్‌కు ఆగస్టు మొదట్లోనే అనుమానం పట్టుకుంది. తండ్రి పోయాక బోజొలే కొండవాలు మీది ద్రాక్షతోటను అన్నాచెల్లెళ్లు చెరిసగం పంచుకున్నారు. నడుమ ఒక్క కాలిబాటే అడ్డం. మట్టి అదే, ఎండా అదే. అతని గుత్తులేమో కమిలి ముడుచుకుపోతున్నాయి, ఆమెవి నిగనిగలాడుతున్నాయి. వంగి మట్టి పట్టి చూశాడు. ఆమె వైపు కాస్త చెమ్మగా కూడా తగిలింది.

కాపు మీదున్న ద్రాక్షకు నీళ్లు పెట్టకూడదని అక్కడి కట్టుబాటు. పెట్టినట్టు తేలితే వైన్ సీసా మీద ఊరి పేరు వేసుకోనివ్వరు. ఇద్దరి పంటా తండ్రి కాలం నాటి చెక్కతొట్టిలో కలిసే పులుస్తుంది. కలిపాక ఆమె దొరికిపోతే అతని వైన్ కూడా పేరులేనిదైపోతుంది.

జూలైలో జరిగింది తలచుకున్నకొద్దీ అనుమానం ముదిరింది. గుత్తుల చుట్టూ ఆకులు గిల్లి ఎండ తగిలేలా చేయడంలో గాస్తోన్‌ది ఊళ్లో పేరుపడ్డ చెయ్యి. ఆ పొగడ్త అంటే అతనికి మహా మోజు. ఏటా చెల్లెలి వైపూ తనే గిల్లేవాడు. ఈసారి ఆమె అడ్డం నిలబడింది.

"ఈ ఏడు నా వైపు రాకులే అన్నయ్యా."

"ఏం, ఏమన్నా దాచావా అక్కడ?"

"నువ్వొస్తే నీ చేతులు ఊరుకోవు. చెప్తే వినవు."

ఆ మాటకు అప్పుడు నవ్వాడు. ఇప్పుడు మాత్రం ఆమె కోళ్లకు నీళ్లు పట్టుకెళ్తున్నా కిటికీ తెర పక్కకు లాగి చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక, పంటలు తొట్టిలో కలవకముందే తేలిపోవాలని ద్రాక్ష పెంపకందార్ల సంఘానికి వెళ్లి చెవిన వేసి వచ్చాడు.

సంఘం తరఫున మదాం రూవియే తనిఖీకి వచ్చింది. రెండు వైపులా తవ్వించింది, గొట్టాల కోసం వెతికింది. ఒదీల్ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

"నీళ్లేం లేవండీ ఇక్కడ. ఆకులుంచారు, నీడ ఉంది, అంతే," అంది మదాం రూవియే. కాలిబాట దాటి గాస్తోన్ గుత్తులు చూసింది. "అయ్యో, ఈ ఎండల్లో ఇంత బోడిగా గిల్లిందెవరు?"

"నేనే. మా నాన్న అలాగే నేర్పాడు."

"మీ నాన్నగారికి ఎండ చాలేది కాదు. మీకు ఎక్కువైంది."

ఆమె కారు కదిలాక ఒదీల్ నెమ్మదిగా అడిగింది.

"సంఘానికెళ్లింది నువ్వేగా?"

గాస్తోన్ సిగ్గుతో వంగి, తవ్వించిన గుంటలోకి మట్టి తోయసాగాడు.

"ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని కదా," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

కోతల రోజు గాస్తోన్ పొద్దున్నే తొట్టి తోమి, అది ఉన్న తమ నేలమాళిగ గుమ్మంలో కాచుకున్నాడు. ద్రాక్ష నింపుకున్న ఒదీల్ ట్రాక్టరు గుమ్మం ముందు ఆగకుండా సాగిపోయి, పక్కవాళ్ల నేలమాళిగ వైపు మళ్లింది. అతను వెంటపడ్డాడు.

"ఒదీల్, తొట్టి కడిగి పెట్టానే."

"నీళ్లతోనేగా కడిగావు? సంఘంలో చెప్పొచ్చావా మరి?"

ఆమె ట్రాక్టరు ఆపలేదు. ఆ సాయంత్రం గాస్తోన్ తన పంటంతా పోసినా తొట్టి సగం కూడా నిండలేదు.