కడుపు ఖాళీయేనా?

గాల్ బ్లాడర్‌లో రాళ్లు తీయడానికి తమ్ముణ్ణి ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లారు. అక్క బయట బెంచీ మీద కూర్చుంది. ఒడిలో సంచి. సంచిలో అరటిపండు తొక్కలు, ఖాళీ అయిన పాల ఫ్లాస్కు.

తర్వాతి వంతు పక్క బెంచీ మీదున్న ముసలాయనది. నర్సుతో పేచీ పెట్టుకున్నాడు.

"గుక్కెడు నీళ్లియ్యవే తల్లీ. ఉరికంబం ఎక్కేవాణ్ణయినా ఆఖరి కోరిక అడుగుతారు."

"మత్తిస్తే గొంతు కూడా నిద్రపోతుంది తాతా. కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక మనిషి దక్కడం కష్టం."

అక్క సంచి వైపు చూసింది. పొద్దున నర్సు అటు తిరగగానే తమ్ముడికి తినిపించింది తనే. "సూదిమందుకి తట్టుకోవద్దురా? తిను" అంది. తమ్ముడు దర్జీ. ఊరందరికీ కొలతలు తీస్తాడు, అక్క గీసిన గీత మాత్రం దాటడు. డాక్టరు అడిగితే ఏమీ తినలేదన్నాడు. అలా చెప్పమన్నదీ ఆమే.

తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. అక్క లేచి తలుపు తోసింది.

"అమ్మా, చెప్పులు!" నర్సు వెనకనుంచి అరిచింది.

లోపల తమ్ముడి ముఖం మీద ఆక్సిజన్ మాస్కు ఉంది. వేలికి క్లిప్పు. మత్తు డాక్టరు సెలైన్ గొట్టానికి సిరంజి తగిలించింది. అందులో మందు పాలలా తెల్లగా ఉంది. "గట్టిగా ఊపిరి పీల్చు" అంటోంది.

"ఆపు తల్లీ! వాడు తిన్నాడు!"

డాక్టరు బొటనవేలు సిరంజి మీదే ఆగిపోయింది. "ఏం తిన్నాడు?"

"అరటిపండ్లు. గ్లాసుడు పాలు. నేనే పెట్టా. చెప్పొద్దన్నదీ నేనే."

డాక్టరు సిరంజి ఊడదీసి ట్రేలో పెట్టింది.

"ఎన్నిసార్లు అడిగానయ్యా నిన్ను?"

మాస్కులోంచి తమ్ముడి గొంతు వినిపించింది. "నిజం చెబితే అక్కని తిడతారని, మేడమ్..."

ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది.

మర్నాడు డాక్టరు తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. తలుపు దగ్గర అక్క ముందు నిలబడింది.

"మీరు చెప్పండి."

"పచ్చి మంచినీళ్లు ముట్టనివ్వలేదమ్మా. నేనూ ముట్టలేదు."

"ఆ సంచిలో ఏముంది?"

అక్క సంచి తిరగేసి దులిపింది. తాళంచెవి, రుమాలు కింద పడ్డాయి.

స్ట్రెచర్ మీదినుంచి తమ్ముడు తలెత్తి, "జేబులు కూడా చూడమంటావా అక్కా?" అన్నాడు.

"నోర్మూసుకుని పడుకోరా."

స్ట్రెచర్ లోపలికి వెళ్లింది. ఎర్రదీపం వెలిగింది. అక్క ఈసారి బెంచీ మీద కూర్చోలేదు. తలుపు పక్కనే నిలబడింది.