కళ్లు మూయని యోనా

యోనా ప్రార్థనలో కళ్లు మూయడు. నన్ను చీమ కుట్టిన ఆదివారం ఆ సంగతి తెలిసింది. కాలు గోక్కుందామని కళ్లు తెరిస్తే, మా చర్చిలో అందరూ తల వంచి నిలబడి ఉన్నారు. గోడ పక్కన యోనా ఒక్కడు కళ్లు విప్పుకుని ఆడవాళ్ల వైపు చూస్తున్నాడు. అతని చూపు వెంట చూశాను. అక్కడ నా భార్య జయశీల ఉంది.

తరువాతి ఆదివారాలు నేనూ ప్రార్థన చేయలేదు. రెప్పల సందులోంచి అతన్నే కనిపెట్టాను. అదే చోటు, అదే చూపు. ఇంట్లో జయశీల మంచి చీర కట్టినా, కూర ఆలస్యమైనా నాకు వేరే అర్థం తోచేది. అడగలేదు. అడిగితే, ప్రార్థనలో నీ కళ్లెందుకు తెరిచావని ఆమె అడుగుతుంది.

యోనా పట్నం పక్క కాటేదాన్‌లో, కార్ఖానాలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఏడాది కిందట మానేసి ఊరికి వచ్చాడు. కాళ్లు ఎడంగా వేసి తూలుతూ నడుస్తాడు. తాగి పని పోగొట్టుకున్నాడని అనేవారు. వాసన మాత్రం నాకెప్పుడూ రాలేదు.

తొంభై ఆరు ఎండాకాలంలో ఒక పొద్దున, నేను పనిచేసే ద్రాక్షతోటలోంచి అతను పోతుంటే ఆపాను. పందిరిని మోసే రాతి కడీలు ఒక్కొక్కటే పట్టుకుంటూ వస్తున్నాడు.

"ప్రార్థనల మా ఇంటిదాన్ని ఎందుకు చూస్తున్నవ్‌రా?"

అతను కడీ పట్టుకునే ఆగాడు. "వదిననా? ఆమె నెత్తికి పైన గోడకు మేకుంటదన్నా. దాన్ని చూస్త."

"కండ్లు మూస్తే ఏమైతది?"

"పడ్త."

"మూయి, చూస్త."

కడీ వదిలాడు. కాళ్లు దగ్గర పెట్టి కళ్లు మూశాడు. కాసేపు నిలబడి, ఎడమకు ఒరిగాడు. నటన అనుకుని చేతులు కట్టుకునే ఉన్నాను. పక్క కడీకి నుదురు తగిలి పడిపోయాడు.

తువ్వాలతో నెత్తురు అద్దుతుంటే చెప్పాడు. పట్నం దవాఖానలో చెవిలో నీళ్లు పోసి చూశారట. చిన్నమెదడు పాడైందని, చెవి లోపలి తూకం కూడా చెడిందని, నిలబడాలంటే కదలని దాని మీద చూపు నిలపాలని డాక్టరు అన్నాడట.

"ముందే చెప్తే ఏమైతుండెరా?"

"చెప్తే అందరు నెత్తి మీద చేతులు పెట్టి, ఇగ కండ్లు మూయి యోనా అంటరన్నా."

నాకు నవ్వు రాలేదు. శనివారం ఒక్కడినే చర్చికి పోయి చూశాను. మేకు ఉంది.

ఆ సాయంత్రం జయశీలకు అంతా చెప్పాను. రొట్టె కాలుస్తూ వింది.

"నన్నొక్క మాట అడగకపోతివి," అంది. రొట్టె తిరగేసింది.

ఆదివారం యోనా పక్కన నిలబడి, అతని చెయ్యి నా భుజం మీద వేయించుకున్నాను. పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టగానే భుజం మీద బరువు పెరిగింది. నిజంగా మూశాడా అని ఒక్కసారి కళ్లు తెరిచాను. మూసే ఉన్నాడు.

ఆడవాళ్ల వైపు తలలన్నీ వంగి ఉన్నాయి. జయశీల మాత్రం తల ఎత్తి నన్నే చూస్తోంది.