బెల్టు ఆగేదాకా

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బాట పక్కన ఉన్న పత్తి జిన్నింగు మిల్లుకు నబీ సాబ్ గేటు కావలి. అంతకుముందు ఇంగ్లీషు దొరల పల్టన్‌లో సిపాయి. యుద్ధం అయిపోయి ఊరికి తిరిగొచ్చాక మిల్లు సేటు పిలిచి ఒంటిగొట్టం తుపాకి చేతికిచ్చాడు. ఇన్నేళ్లలో ఒక్కనాడు కూడా ఆ తుపాకిలో తూటా పెట్టింది లేదు. తుపాకి ఉందని జనానికి తెలిస్తే చాలు, అదే కాపలా.

ఆ రోజు మధ్యాహ్నం మేనేజరు లక్ష్మప్ప బీరువా తెరిచి తూటాల పెట్టె బయటికి తీశాడు.

"సాబూ, తిమ్మప్పా, ఇద్దురూ ఇట్ల రాండి. సమ్మె చేసే పనోళ్లు ఈ పొద్దు దూదికి నిప్పు పెడ్తారంట. గోడ దాటి లోపలికి కాలు పెట్టినోన్ని కాల్చండి. మిలిట్రీలో చేసినోళ్లు, మీకు మేము నేర్పించేదేముంది?"

తిమ్మప్ప రెండో కావలివాడు. అతనూ పల్టన్ మనిషే. బర్మా అడవుల్లో జపానువాళ్లతో పోరాడి, తొడలో ఇనుపముక్క ఒకటి పెట్టుకుని తిరిగొచ్చాడు. తూటాను వేళ్ల సందున తిప్పుతూ నవ్వాడు.

"ఏం సాబూ, కొత్త పెండ్లికూతురు మాదిరి తల దించుకున్యావు?"

"వాళ్లు మన ఊరోళ్లు గదా తిమ్మప్పా."

"పల్టన్‌ల దొర అడిగినాడా, వీడు మీవోడా, కాదా అని? కాల్చు అన్యాడు, కాల్చినాం. ఆడ దొర, ఈడ సేటు. అంతే తేడా."

నబీ సాబ్ తూటాలు తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఇనుము కాదు, నిప్పుకణికలు వేసుకున్నట్టయింది.

సమ్మె ఊరికే రాలేదు. గింజ నుంచి దూది వేరుచేసే జిన్నులు నడుస్తుంటే పక్కన నిలబడి అరిచినా మాట వినపడదు. ఏళ్ల తరబడి ఆ మోత మధ్య పని చేసినవాళ్లకు చెవులు పూర్తిగా పోతాయి. అందుకని జిన్ను పనివాళ్లకు చేతులతో మాట్లాడే అలవాటు. నీళ్లకు ఒక సైగ, బీడీకి ఒక సైగ, మేస్త్రీ వస్తున్నాడంటే ఇంకో సైగ. అన్నిటికంటే ముందు, పనిలో చేరిన రోజే నేర్పించే సైగ ఒకటుంది. రెండు పిడికిళ్లూ తలమీదికెత్తి మణికట్లు అడ్డంగా కలిపితే, మనిషి మిషన్లో చిక్కాడని అర్థం. అది చూసినవాళ్లు ఉన్నచోట ఉన్నట్టే నిలబడిపోవాలి. ఇంజను ఆపినా, మిషన్లను తిప్పే బెల్టులు వెంటనే ఆగవు. గాబరాగా పరుగెత్తితే ఇంకొకరు పడతారు. ఎత్తినవాడు చేతులు దించేదాకా ఎవరూ అడుగు కదపకూడదు.

కిందటి నెల హనుమక్క కొంగు బెల్టులో పడింది. కొంగు వెంట చెయ్యి పోయింది. పక్క జిన్ను దగ్గరున్న మాదన్న ఆ సైగ చేసి నిలబడ్డాడు. బెల్టు ఆగేసరికి హనుమక్కకు భుజం నుంచి కిందికి నలిగిన మాంసం, తెల్లని ఎముక మిగిలాయి. కుప్పగా పోసిన దూది ఎర్రగా తడిసింది. ఆసుపత్రికి పోయేలోగా బండిలోనే ప్రాణం పోయింది. బెల్టుల చుట్టూ ఇనుప కంచె కట్టించమని పనివాళ్లు అడిగారు. "కొంగు సరిగ్గా దోపుకోలేనోళ్లకు నేనేం చేసేది?" అన్నాడు సేటు. ఆ మాటకే మిల్లు ఆగిపోయింది.

పొద్దు వాలుతుండగా నసీబ్‌బీ జొన్నరొట్టెల మూట తెచ్చింది. రొట్టెలు కింద పెట్టలేదు. ముందు మొగుడి జేబు వైపు చూసింది.

"అజీ, తూటాలిచ్చినారంటనే. బజారంతా చెప్పుకుంటాండారు."

"ఇచ్చినారు."

"నాకేమని ఒట్టేసినావు? మసీదు తట్టు తిరిగి ఏమన్యావు? మనిషి మీదికి మళ్లా తుపాకి ఎత్తనంటివి గదా!"

"ఎత్తకుంటే ఈడ నుంచి పొమ్మంటారు."

"పొమ్మంటే పోదాం. నేను కూలికి పోతా. ఆ సురబాయా పీడకల వచ్చినప్పుడల్లా నిన్ను పట్టుకొని పండుకునేది నేను. ఇంగొకటి గూడ తెచ్చుకుంటే నాతో కాదు, చెప్తాండా." మూట అతని చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆమె ఒక్కతికే ఆ సంగతి తెలుసు. జపాను ఓడిపోయాక నబీ సాబ్ పల్టన్‌ను ఇంటికి పంపలేదు. ఓడెక్కించి జావా దీవిలో సురబాయా అనే ఊళ్లో దించారు. అక్కడి జనం, మమ్మల్ని ఏలిన డచ్చివాళ్లు మాకొద్దు, మా దేశం మాదే అని లేచారు. వాళ్లను అణచడానికి ఇంగ్లీషువాళ్లు తెచ్చింది ఎవరిని? మనవాళ్లనే. ఓడల మీది ఫిరంగులు ఇళ్లను కూల్చేవి, సిపాయిలు ఆ గోడల మధ్య దూరి మనుషులను వెతికి చంపేవాళ్లు. ఒక కిటికీలోంచి వచ్చిన వెదురు ఈటె, ముందు నడుస్తున్న సిపాయి మెడలో దిగి వీపులోంచి బయటికొచ్చింది. ఆ ఈటె విసిరినవాణ్ని నబీ సాబ్ బాయ్‌నెట్టుతో గోడకు గుచ్చాడు. లాగితే రాకపోతే, కడుపు మీద బూటు పెట్టి తొక్కి లాగాడు.

అది యుద్ధం, సరే అనుకున్నాడు. ఆ తర్వాతిది అట్లా అనుకోవడానికి వీలుకాలేదు. ఒక సాయంత్రం వంతెన దగ్గర కాపలాలో ఉండగా, అవతలి నుంచి ఒక ముసలాయన చేతిలో ఏదో పట్టుకుని వస్తున్నాడు. "హుకుందర్!" అని నబీ సాబ్ అరిచాడు. పల్టన్‌లో ఎవరది, ఆగు అని కాపలావాడు వేసే కేక అది. మూడుసార్లు వేయాలి, ఆగకపోతే కాల్చాలి. ఆ కేక ఏ భాషదో వేసే సిపాయిలకే సరిగ్గా తెలియదు, ఆయనకేం తెలుస్తుంది? మూడు కేకలకూ ఆగలేదు. తూటా కడుపులో దిగింది. పేగులు చేత్తో పట్టుకుని ముసలాయన చాలాసేపు గిలగిలా కొట్టుకున్నాడు. చేతిలో ఉన్నది అరిటాకులో చుట్టిన అన్నం. ఆయన మాటల్లో నబీ సాబ్‌కు అర్థమైంది చివరిదొక్కటే, "అల్లా". హవల్దారు వచ్చి భుజం తట్టి, "శాబాష్" అన్నాడు.

నబీ సాబ్ రొట్టె మూట విప్పలేదు.

కాసేపటికి పనివాళ్లు గేటు ముందుకొచ్చారు. ముందర మాదన్న తమ్ముడు ఏసన్న ఉన్నాడు. సమ్మెవాళ్ల తరఫున మాట్లాడేది అతనే. "హనుమక్కకు ఏం జవాబు చెప్తారు?" అని గేటు పట్టుకుని ఊపాడు. లక్ష్మప్ప గేటు తెరిపించాడు. లోపల దూది బేళ్ల చాటున కూర్చోబెట్టిన కిరాయి మనుషులు కట్టెలతో బయటికి దూకారు. కట్టెల చివర్లకు ఇనుప పొన్నులున్నాయి.

మొదటి దెబ్బ ఏసన్న నెత్తి మీద పడింది. చర్మం పగిలి చెవి మీదికి వేలాడింది. అయినా పడకుండా, కొట్టినవాడి గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ దొర్లుకుంటూ లోపలికొచ్చారు. బయట రాళ్లు లేచాయి. ఒక కిరాయివాడి కన్ను చితికి, వేళ్ల సందుల్లోంచి కారింది. ఒక ఆడమనిషి పళ్లు ఊడి దుమ్ములో పడ్డాయి. ఎవరిదో మోచెయ్యి విరిగిన చప్పుడు గేటు దాకా వినపడింది. జనం బాట దాకా వెనక్కి తగ్గాక గేటు మూసేశారు. ఏసన్న లోపలే ఉండిపోయాడు. ఒళ్లంతా రక్తంతో పాకుకుంటూ బేళ్ల సందులోకి పోయి పడ్డాడు.

నబీ సాబ్ అటు అడుగు వేశాడు.

"సాబూ! యాడికి?" లక్ష్మప్ప అడ్డం వచ్చాడు. "వాడు సస్తే సస్తాడు. నీ పని గోడ. తుపాకి నింపు."

తుపాకి నింపాడు.  చేతులకు అలవాటైన పని, అవి చేసేశాయి.

మసక చీకటి పడింది. వెనక గోడ మీద ఒక లాంతరు కనిపించింది. లాంతరు గోడ దిగి, బేళ్ల మధ్య నుంచి ఇటు రాసాగింది. వెలుతురులో రెండు కాళ్లు తప్ప మనిషి కనపడలేదు. బయట బాట మీది జనం మళ్లీ గేటు దగ్గరికొచ్చి, కమ్మీల సందుల్లోంచి చూస్తున్నారు.

"నిప్పు తెచ్చినాడు! దూది మీదికే వస్తాండాడు! కాల్చండి!" లక్ష్మప్ప గొంతు చించుకున్నాడు.

తిమ్మప్ప తుపాకి భుజానికెత్తి గురి పెట్టాడు. నబీ సాబ్ కూడా ఎత్తాడు.

"హుకుందర్!"

లాంతరు ఆగలేదు.

"హుకుందర్!"

ఆగలేదు. సందు సందుకూ వంగి, దేనికోసమో వెతుక్కుంటూ వస్తోంది. నబీ సాబ్‌కు అరిటాకు పొట్లం కళ్ల ముందు నిలిచింది. మూడో కేక నోట్లోనే ఉండిపోయింది. ఇంత అరుస్తుంటే వినపడనివాడు ఎవరు? జిన్నువాడు. అందులోనూ ఏసన్న కోసం గోడ దూకేవాడు ఒక్కడే. మాదన్న నిప్పు తేలేదు. తమ్ముణ్ని వెతుక్కోవడానికి దీపం తెచ్చుకున్నాడు.

"తిమ్మప్పా, వాడు మాదన్న! చెవుడోడు!"

"ఆగమను మరి! ఆగకుంటే కాలుస్తా!"

ఆగమని ఎట్లా చెప్పేది? దానికి రెండు చేతులూ కావాలి. చేతుల్లో తుపాకి ఉంది. కాపలాలో ఉన్న సిపాయి తుపాకి కింద పెడితే పల్టన్‌లో దానికంటే పెద్ద తప్పు లేదు. నబీ సాబ్ వంగి తుపాకి నేల మీద పెట్టాడు. తిమ్మప్ప గురికి అడ్డంగా లాంతరు వెలుతురు పడేదాకా నాలుగడుగులు ముందుకేసి, రెండు పిడికిళ్లూ తలమీదికెత్తి మణికట్లు కలిపాడు.

మాదన్న చూశాడు. ఎత్తిన కాలు మెల్లగా దించి, లాంతరు పట్టుకున్న చెయ్యి కూడా కదపకుండా, అట్లాగే నిలబడిపోయాడు. గేటు అవతలి జనం కూడా నిలబడిపోయారు. రాయి ఎత్తినవాడి చేతిలో రాయి అట్లాగే ఉండిపోయింది. తిమ్మప్ప వేలు కూడా మీట మీద ఆగింది. ఎన్నో ఏళ్లుగా అతనూ ఆ మిల్లులోనే ఉన్నాడు.

కదిలింది లక్ష్మప్ప ఒక్కడే. జిన్నుల షెడ్డులోకి అడుగు పెట్టనివాడికి ఆ సైగ సంగతేం తెలుసు? నేల మీది తుపాకి తీసుకుని లాంతరు వైపు పేల్చాడు. మధ్యలో నబీ సాబ్ ఉన్నాడు.

తూటాలోని సీసపు రవ్వలు కుడి భుజం వెనక దూరి, కండను చీల్చుకుని ముందుకొచ్చాయి. నబీ సాబ్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. చేతులు మాత్రం దించలేదు. దించితే మాదన్న అడుగేస్తాడు. కుడిచెయ్యి దానంతటది నిలవదని తెలిసి, ఎడమచేత్తో దాని మణికట్టు పట్టుకుని పైకి లాగి పెట్టాడు. రక్తం చంకలోంచి దిగి, జేబులో మిగిలిన తూటాలను తడిపింది.

"ఇంగో తూటా! ఇంగో తూటా యాడ?" అంటున్నాడు లక్ష్మప్ప.

"ఇదిగో, తీస్కోప్పా," అని తిమ్మప్ప తుపాకి తిరగేసి, దాని మడమతో అతని దవడ మీద కొట్టాడు. ఎముక విరిగింది. రెండో దెబ్బకు లక్ష్మప్ప పడ్డాడు. మూడోది కూడా వేశాడు తిమ్మప్ప. "నేను పల్టన్‌లో ఎందరిని కొట్టినానో, ఒక్కన్ని గూడ నా అంతట నేను కొట్టలేదు లంజకొడకా," అని ఊపిరి పీల్చుకుని, కిరాయి మనుషుల వైపు తిరిగాడు. వాళ్లు వెనక దారి పట్టారు.

తిమ్మప్ప పోయి మాదన్న చేతిలోంచి లాంతరు తీసుకున్నాడు. బేళ్ల సందులో పెట్టి చూశాడు. ఏసన్న కళ్లు వెలుతురుకు మూసుకున్నాయి.

"బతికే ఉండాడు. దించు సాబూ, దించు ఇంగ."

నబీ సాబ్ పట్టు వదిలాడు. కుడిచెయ్యి తనది కానట్టు కింద పడింది. మాదన్న అప్పుడు కదిలాడు. సైగ చూసిన జిన్నువాడు ముందు పోవాల్సింది మిషన్లో చిక్కినవాడి దగ్గరికి. నాలుగు దిక్కులా చూసుకుంటూ, చెవిటివాళ్లు అరిచే పెద్ద గొంతుతో అరుస్తూ పరుగెత్తి వచ్చాడు.

"ఎవురికప్పా? ఎవురు పడినారు? ఎవురి చెయ్యి?"

నబీ సాబ్ ఎడమచేతి వేలు తన రొమ్ము మీద పెట్టి చూపించాడు. మాదన్న నెత్తికున్న రుమాలు విప్పి, భుజానికి బిగించి కట్టసాగాడు.