రేపల్లెలో ఎవరూ పడలేదు

బాపట్లలో ఆ ఆదివారం సాయంత్రం వజీర్ మెడ మీద పడ్డాడు. పడినవాడు లేవలేదు. చుట్టూ మూడు వేల మంది ఈలలు వేశారు.

లేవకపోవడం ఆటలో భాగమే అనుకున్నారు జనం. అనుకోరా మరి? టికెట్టు కొన్నది దానికోసమే. ముసుగేసుకున్న "సరిహద్దు సైతాన్" కింద పడాలి, "సంద్రం పులి" వాడి ఛాతీ మీద కాలు పెట్టి చేతులు పైకెత్తాలి. ఆ పులి గంగాధర్. సూర్యలంక ఒడ్డున పడవలు లాగుతూ పెరిగినవాడు. ఆ సైతాన్ తెనాలిలో సైకిళ్ల షాపు వజీర్.

గంగాధర్ వంగి చూశాడు. ముసుగు కన్నాల్లో వజీర్ కళ్లు తెరిచే ఉన్నాయి.

"చేతులు తెలీటం లేదురా గంగా."

రింగు పక్కన కుర్చీలో కంపెనీ యజమాని చలపతిరావు ఉన్నాడు. అంతా చూశాడు. చూసి కూడా మైకులో, "శత్రువు నటిస్తున్నాడు బాబూ, నమ్మకండి" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. ఆయన మైకు పక్కకి తీసి, "ఏం చూస్తావు? కాలు పెట్టరా" అన్నాడు.

గంగాధర్ కాలు పెట్టాడు. ఈ కథ ఆ కాలు పెట్టినవాడిదే.

అది రెండువేల ఏడు. టీవీలో విదేశీ కుస్తీలు చూసి పిల్లలు వీధుల్లో ఒకరినొకరు ఎత్తి పడేసుకుంటున్న రోజులు. రేపల్లెలో రైసుమిల్లున్న చలపతిరావు ఆ మోజు కనిపెట్టాడు. ఆయనకి కావలసింది ఒళ్లు బలిసినవాళ్లు కాదు, ఒళ్లు తప్ప మరేమీ లేనివాళ్లు. తెనాలి తాలింఖానాలో తండ్రి దగ్గర కుస్తీ నేర్చిన వజీర్ దొరికాడు. గంగాధర్ దొరికాడు. తన మిల్లులోనే బస్తాలు మోసే తోమాసు, కొలకలూరు కూలి మాణిక్యం, వెల్డింగు పనిచేసే జావీద్ దొరికారు. అయిదుగురి మెడలో దండలేసి, ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. దెబ్బ తగిలితే పూచీ ఆటగాడిదే. కంపెనీ పెట్టిన పేరు కంపెనీదే. అయిదేళ్లు ఇంకెక్కడా, ఊరి తిరనాళ్లలో కూడా, గోదాలో దిగకూడదు. ఇవన్నీ ఆ కాగితాల్లో ఉన్నాయని వాళ్లకి తర్వాత తెలిసింది.

రింగంటే చెక్కలు, వాటిమీద పలచటి పీచు చాప. మందపాటి పరుపు కావాలనీ, పక్కన ఒక డాక్టరుండాలనీ అడుగుదామని బాపట్ల ఆటకి వారం ముందు అయిదుగురూ అంగలకుదురులో టీకొట్టు వెనక చేరి అనుకున్నారు. మర్నాటికే ఆ మాట చలపతిరావు చెవిన పడింది.

ఆయన గంగాధర్‌ని పిలిచి భుజం మీద చెయ్యేశాడు. "వజీరే చెప్పాడ్రా. నిన్ను నిజంగా కొట్టి నీ స్థానంలోకి రావాలని చూస్తున్నాడు. కాస్త కనిపెట్టుకో."

గంగాధర్ నమ్మలేదు. నమ్మకుండానూ ఉండలేకపోయాడు.

ఈ ఆటలో ఒక పద్ధతుంది. ఎత్తేవాడు ఎత్తబోయే ముందు అవతలివాడి మణికట్టు ఒకసారి నొక్కుతాడు. అవతలివాడు తిరిగి నొక్కితే సిద్ధమని అర్థం. అప్పుడే ఎత్తాలి. జనం కళ్లకి శత్రువులే గానీ, ఆ క్షణంలో ఒకడి ప్రాణం ఇంకొకడి చేతిలో ఉంటుంది. బాపట్లలో గంగాధర్ నొక్కాడు, జవాబు కోసం ఆగలేదు. ఆగితే వజీర్ ముందు కొడతాడేమోనని భయం. ఆ ఒక్క క్షణం తొందర వజీర్ మెడ ఎముకని చిట్లించింది.

మూడో రోజున గంగాధర్ తెనాలి వెళ్లాడు. గుమ్మంలో వజీర్ భార్య జాన్‌బీ నిలబడి ఉంది.

"ఏంటి, కాలు పెట్టడానికి ఇంటిదాకా వచ్చావా?"

గంగాధర్ అక్కడే చెప్పులు విడిచి నిలబడ్డాడు. "తప్పు నాదే వదినా. నొక్కి ఆగలేదు. నువ్వు నన్నేమన్నా పడతాను."

లోపల వజీర్ మెడకి పట్టీతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేతుల్లోకి స్పర్శ వచ్చింది. ఇంకోసారి ఇలా పడితే జన్మంతా మంచమేనని డాక్టరు చెప్పాడు. జాన్‌బీ మిగతాది చెప్పింది. పొద్దున చలపతిరావు వచ్చి వెళ్లాడట. వచ్చే ఆదివారం రేపల్లెలో వజీర్ ఆడాలట. పట్టీ తీయక్కర్లేదట, పట్టీ చూస్తేనే జనం ఎగబడతారట.

"కుదరదండి అన్నాను. దానికేమన్నాడో తెలుసా? నీ మొగుడి పేరు వజీరు, ఇవి మంచి రోజులు కావు, నేను స్టేషనుకి ఒక్క ఫోను చేస్తే చాలు అన్నాడు. ఆ సైతాను వేషం కట్టించింది ఆ చలపతిరావే. దాన్నే సాక్ష్యం చేస్తాడంట. వీధిలో మా ఆస్మాని అప్పుడే పిల్లలు శత్రువు కూతురంటున్నారు."

గంగాధర్ తనకి చలపతిరావు చెప్పిన మాట బయటపెట్టాడు. వజీర్ కళ్లు మూసుకున్నాడు. "నాతో జావీద్ పేరు చెప్పాడు. అప్పట్నించీ జావీద్‌తో మాట్లాడటం మానేశాను."

"అందరినీ పిలవండి. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ చెప్పండి" అంది జాన్‌బీ.

మర్నాడు మధ్యాహ్నం అందరూ వచ్చారు. ఎవరికి వాళ్లు ఎడంగా కూర్చున్నారు. చలపతిరావు తోమాసుతో వజీర్ పేరు చెప్పాడట. జావీద్‌తో తోమాసు పేరు చెప్పాడట. ఎవరికి వాళ్లే, "నేను కాదండి, మేం అడగాలనుకుంది పరుపే" అంటూ ఆయన ముందు కొంత కక్కేశారు. అలా మొత్తం ఆయన గుప్పిట్లోకి పోయింది. ఒక్క మాణిక్యం మిగిలాడు.

"నన్ను పిలవనే లేదు" అన్నాడు మాణిక్యం.

"పిలవక్కర్లేకే పిలవలేదు. మొదట చాడీ మోసింది నువ్వే" అని లేచాడు జావీద్.

"నేనెందుకు మోస్తానురా?"

"కొలకలూరులో నీకు మొన్న కౌలుకి పొలం ఎవరు ఇప్పించారు?"

మాణిక్యమూ లేచాడు. ఇద్దరూ కలబడబోతే గంగాధర్ అడ్డుపడ్డాడు. కానీ అతని మనసులోనూ మాణిక్యమే ఉన్నాడు.

అప్పుడు తోమాసు నోరు విప్పాడు. "మిల్లులో మాకూ ఇలాగే అయింది. చాటున మాట్లాడుకున్నన్నాళ్లూ వాడు చెప్పాడు, వీడు చెప్పాడని కొట్టుకు చచ్చాం. ఓ రోజు మేమే వెళ్లి యజమాని మొహానే చెప్పేశాం, నడుం విరిగినోడికి వైద్యం చేయించేదాకా బస్తా ఎత్తమని. ఇంక చాడీలకేం మిగిలింది? ఇప్పుడూ అంతే. దాచుకోవద్దు. వజీరన్నని రింగెక్కిస్తే మనలో ఎవ్వడూ పడడని చెప్పేద్దాం. పడేవాడు లేకపోతే కుస్తీ ఏది?"

"నేను వెళ్లకపోతే పోలీసుల్ని ఇంటికి పంపుతాడు. వెళతాను. పడను" అన్నాడు వజీర్.

నలుగురూ రైలెక్కి రేపల్లె మిల్లుకి వెళ్లారు. చలపతిరావు విన్నాడు. నవ్వాడు. అందరికీ టీ తెప్పించాడు. కూలివాడి మాట మీద ఆయనకున్న నమ్మకం అంతే. పదిమంది కూలీల్లో ఒకడు తన వాడై ఉంటాడని అలాంటివాళ్లకి గట్టి నమ్మకం, చాలాసార్లు అది నిజమవుతుంది కూడా. వీళ్లు వెళ్లబోతుంటే, "మాణిక్యం, నువ్వుండు" అన్నాడు.

మాణిక్యం పది నిమిషాల తర్వాత బయటికొచ్చాడు. తెనాలి దాకా అతని పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికే రేపల్లె మైదానం నిండిపోయింది. మిల్లు హమాలీలంతా వచ్చారు. మెడపట్టీతో ముసుగు మనిషి కనబడగానే జనం ఊళ పెట్టారు. కంపెనీ మనుషులిద్దరు వజీర్‌ని రెక్కలు పట్టి రింగులోకి ఎక్కించారు. గంట మోగింది.

గంగాధర్ వజీర్ వైపు చూశాడు. ఇప్పుడు తను కూర్చుంటే, వజీర్ భయపడి తనమీదికి వస్తే? మాణిక్యం ఏం ఒప్పుకుని వచ్చాడో? ఏ ఒక్కడు మాట తప్పినా వజీర్ బతుకు మంచమే. అయినా ఎవరో ఒకరు ముందు కూర్చోవాలి. గంగాధర్ రింగు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"లేవరా పులీ" అని అరుపులు. నీళ్ల ప్యాకెట్లు వచ్చి పడ్డాయి. చలపతిరావు మొహం నల్లబడింది. "మాణిక్యం, ఎక్కు" అన్నాడు.

మాణిక్యం ఎక్కాడు. తిన్నగా వజీర్ దగ్గరికి నడిచి రెండు చేతులూ చాపాడు. గంగాధర్ సగం లేచాడు. మాణిక్యం వజీర్ వీపుకి చెయ్యి ఆనించి, మెడ కదలకుండా మెల్లగా కిందికి దించి కూర్చోబెట్టాడు. తనూ పక్కన కూలబడ్డాడు.

"ఇతన్ని పడేస్తే నీ పులి పేరు నాకిస్తానన్నాడు" అన్నాడు గంగాధర్‌తో.

"మరి చెప్పలేదేం?"

"రైల్లో ఎవరన్నా అడిగారా?"

గంగాధర్ వచ్చి అతని పక్కనే కూర్చున్నాడు. జావీద్, తోమాసు కూడా ఎక్కి కూర్చున్నారు. జనం గోల మిన్నంటింది. అప్పుడు వజీర్ ముసుగు లాగేశాడు. కంపెనీలో చేరాక అతను జనం ముందు నోరు విప్పడం అదే మొదటిసారి.

"నాది తెనాలండి. సైకిళ్లు బాగుచేస్తానండి. ఈ మెడ నిజంగానే విరిగిందండి. బాపట్లలో మీలో కొంతమంది చూసే ఉంటారు. నన్ను ఇంకోసారి పడెయ్యమని ఇక్కడికి ఎక్కించారు. మీరూ అదే చూస్తానంటే చెప్పండి."

ముందు వరసల్లో గోల ఆగింది. ఆ నిశ్శబ్దం వెనక్కి పాకింది. ఎవరో ముసలి హమాలీ లేచి, "మా తోమాసుగాడు కూర్చున్నాడంటే అబద్ధం కాదు. డాక్టరు ఏడి చలపతిరావుగారూ?" అన్నాడు. తర్వాత ఆ ప్రశ్న వందమంది నోట వచ్చింది.

చలపతిరావు చెప్పినట్టే ఒక్క ఫోను చేశాడు. జీపు వచ్చింది. "ఇందులో వజీరంటే ఎవడు?" అన్నాడు ఎస్సై. కేసేమిటో చెప్పలేదు.

"ముందు కూర్చున్నది నేను సార్. ఆట ఆపింది నేను" అన్నాడు గంగాధర్.

"అయితే నువ్వూ ఎక్కు."

ఇద్దరినీ ఎక్కించారు. పట్టీ ఉన్న మనిషి కుదుపులకి అదిరిపోకుండా గంగాధర్ అతని తల తన భుజానికి ఆనించుకున్నాడు. డ్రైవరు హారను మోగించాడు. జీపు కదల్లేదు. గంగాధర్ తొంగి చూశాడు. దారి మీద హమాలీలు కూర్చుని ఉన్నారు, ఇంకా వచ్చి కూర్చుంటున్నారు. డాక్టరు వచ్చి చూసేదాకా బండి కదలదని తోమాసు ఎస్సైకి చెబుతున్నాడు. చక్రానికి అందరికంటే దగ్గరగా కూర్చున్నవాడు మాణిక్యం.