వెనక చక్రం చప్పుడు

మా ఆయన మీద నాకు పెద్దగా ఫిర్యాదుల్లేవు. ఆదివారం పొద్దున్నే కారు కడగాలన్నది ఆయన నియమం. నియమం ఆయనది, కడగడం నాది. నేను పైపు పట్టుకుని కారు చుట్టూ తిరుగుతుంటే, ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని నా వెనక తిరుగుతూ "గక్కడ నురగ మిగిలింది చూడు" అంటాడు. ఇంత శ్రద్ధగల మొగుడు ఎంతమందికి దొరుకుతాడు? నేను తోమిన గిన్నెల వైపు ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఇలా వంగి చూసిందిలేదు. కారుకున్న భాగ్యం కంచాలకు లేదు.

కారు ఎర్రది, చిన్నది, స్పోర్ట్స్ మోడల్. కంపెనీవాళ్లు ఇచ్చినప్పుడు బాగానే ఉండేది. మా ఆయనకే తృప్తి లేదు. "బండి జింక లెక్క నిలబడ్డది నిరోషా. నాకు చిరుత లెక్క కూసోవాలె" అన్నాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, కరణ్‌కోట దారిలో నాపరాయి పాలిషింగ్ యూనిట్ నడుపుకునే మనిషి, రాత్రి అన్నం తింటూ ఫోన్లో ఎవరివో కార్లు మలుపులు తిరగడం చూసేవాడు. నేను పెరుగు వడ్డిస్తే కంచం కాదు, ఫోను పక్కకు జరిపేవాడు. చివరికి పుణె నుంచి పొట్టి స్ప్రింగులు, గట్టి షాకబ్జర్లు, వెడల్పాటి టైర్లు వచ్చాయి. తాండూరులో మెకానిక్ నిసార్ షెడ్డులో వాటిని బిగించారు. చిరుత కూర్చుంది. మా గేటు ముందున్న చిన్న దిబ్బ కూడా దాని కడుపుకు తగలడం మొదలుపెట్టింది. దిబ్బ తవ్వించారు.

అంతకుముందు మాకొక పాత కారుండేది. అది నేనే నడిపేదాన్ని. అత్తమ్మను మోకాళ్ల డాక్టరు దగ్గరికి, కిరాణాకు, కరెంటు ఆఫీసుకు, యాలాల్‌లో చుట్టాల దినాలకు, అన్నిటికీ నేనే డ్రైవర్ని. పనులకు పోయే బండి ఆడవాళ్లు నడపొచ్చు. ఎర్రది వచ్చాక పాతది అమ్మేశారు. "దీని పికప్ నీకు తెల్వది, యాడన్న గుద్దుతవ్" అన్నాడు. ముందు సీటేమో అత్తమ్మది. ఆమె మోకాళ్లు వెనక పట్టవు. ఈ మాట మా ఇంట్లో చట్టం. అలా స్టీరింగు ముందు నుంచి వెనక సీటుకు వచ్చాను. ఒళ్లో ఒక గిన్నె, కాళ్ల మధ్య నీళ్ల క్యాను, పక్కన ఏదో ఒక బస్తా. తాండూరు నుంచి బయలుదేరే బండిలో చుట్టాల కోసం కందిపప్పు బస్తా లేకపోతే ఆ ప్రయాణానికి అర్థం లేదు కదా.

చప్పుడు మొదట అక్కడే విన్నాను. గుంతలో పడ్డప్పుడు ఎడమ వెనక చక్రం దగ్గర జర్రుమని, గోడకు ఎవరో చెప్పుకాలు రాసినట్టు. దానితోపాటు నా నడుములో ఒక పోటు. చప్పుడు బయటిది, పోటు లోపలిది. రెండూ ఒకేసారి వచ్చేవి.

"వెనక ఏదో రాసుకుంటున్నదండీ" అన్నాను.

"నాకేం ఇనబడ్తలేదే" అన్నాడు.

"నేను గూడ గీడనే ఉన్న గద, నాకు ఇనబడ్తలేదు" అంది అత్తమ్మ శాంతవ్వ. "గ్యాస్ గావచ్చు. పొద్దుగాల పరిగడుపున ఓమ నీళ్లు తాగు బిడ్డా."

కారు రాసుకుంటే ఓమ నీళ్లు నేనెందుకు తాగాలో అడగలేదు. తాగాను కూడా. చప్పుడు తగ్గలేదు.

మళ్లీ చెప్పాను. న్యాయంగా చెప్పాలంటే ఆయన పట్టించుకోకుండా లేడు. ప్రతిసారీ పట్టించుకున్నాడు. నన్ను ఇంటి ముందు దించి, బస్తా దించి, నీళ్ల క్యాను దించి, "ఉండు, ఒక రౌండ్ ఏసొస్త" అని నిసార్‌ను ఎక్కించుకుని కరణ్‌కోట రోడ్డు మీద తిరిగి వచ్చేవాడు. సిమెంటు లారీలు దున్నిపెట్టిన రోడ్డు అది, పరీక్షకు అంతకన్నా మంచిది దొరకదు. ఇద్దరూ ముందు సీట్లలో కూర్చునే పోయేవాళ్లు, ముందు సీట్లలో కూర్చునే వచ్చేవాళ్లు. నేను గేటు దగ్గర నిలబడి, పరీక్ష రాసిన పిల్లలాగా ఫలితం కోసం చూసేదాన్ని.

"ఏం లేదు" అనేవాడు మా ఆయన.

"ఏం లేదు భాభీ" అనేవాడు నిసార్. "స్టిఫ్ సస్పెన్షన్ గట్లనే ఉంటది. బండి ఫస్ట్‌క్లాస్ ఉన్నది. మీరు ఫికర్ చేయకుండ్రి."

నేను బీఎస్సీ చదివాను. మా కాలేజీ ల్యాబులో ఒక స్ప్రింగుకు బరువులు తగిలించి, అది ఎంత సాగిందో స్కేలుతో కొలిచి రాసుకునేవాళ్లం. బరువు తీసేస్తే స్ప్రింగు మళ్లీ మొదటికి వచ్చేది. బరువు తీసేసి, ‘సాగలేదు’ అని రాసిన పిల్ల మా బ్యాచ్‌లో ఒక్కతీ లేదు. మా ఆయనకూ ఇది తెలియని విషయమేం కాదు. యూనిట్‌లో బండలు ఎక్కించేటప్పుడు లారీ కమాన్ పట్టీలు ఎంత కుంగాయో దూరం నుంచే చూసి "బస్, ఇంగ ఆపుండ్రి" అని అరిచే మనిషి. బండలకు బరువుంటుందని ఆయనకు తెలుసు. వెనక సీట్లో కూర్చున్నదానికి బరువుంటుందన్నది మాత్రం ఒక్కసారే, నలుగురి ముందు, గుర్తొచ్చింది. ఆయన స్నేహితులు ఇంటికొచ్చి టైర్లను మెచ్చుకుంటున్నారు, నేను మిర్చి బజ్జీలు తెస్తున్నాను. "వెనక చప్పుడైతుందంటది మా ఆమె. జర నువ్వు తగ్గు, చప్పుడు గూడ తగ్గుతది అన్న" అని చెప్పి నవ్వాడు. అందరూ నవ్వారు. భౌతికశాస్త్రం ప్రకారం అది నిజమే. అందుకే ఎక్కువ మండింది. బజ్జీలు అయిపోయాక మళ్లీ వేయించి తెచ్చాను. ఆ వాయిలో కారం కొంచెం ఎక్కువ పడింది. చేయి జారిందని చెప్పాను.

నడుము సంగతి వికారాబాద్ డాక్టరుకు చూపించాం. "ఏం పని చేస్తరమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "ఏం లేద్ సార్, ఇంట్లనే ఉంటది" అన్నాడు. "అయితే రెస్ట్ ఈజీగా దొరుకుతది" అని డాక్టరు రాసిచ్చాడు. ఆ రెస్టు ఏ షాపులో దొరుకుతుందో మాత్రం చీటీలో లేదు.

తర్వాత ఒక ఆదివారం, పైపు పెట్టి ఎడమ వెనక చక్రం పైన, రేకు లోపలి అంచు కడుగుతుంటే, అక్కడ బురద లేదు. మిగతా మూడు చక్రాల దగ్గరా వేలు పెడితే మన్ను వస్తోంది. అక్కడ మాత్రం కంచంలాగా తళతళలాడుతోంది. టైరు భుజం మీద రబ్బరు ఒక గీతగా చెక్కుకుపోయింది. చాయ్ గ్లాసుతో నిలబడ్డ మనిషిని పిలిచి చూపించాను. ఆయన వంగలేదు. "కొత్త టైర్లకు గట్లనే ఉంటది. నీకు టైర్ల గురించి ఏం తెలుసు? అటు నురగ చూడు" అన్నాడు.

నాకు కొత్త స్ప్రింగులు అక్కర్లేదు. మెత్తటి సీటు అక్కర్లేదు. చప్పుడు ఉంది అని ఆ ఇంట్లో ఒక్కరు నోటితో అంటే చాలుననిపించింది. నేను చెప్పినదాన్ని అబద్ధమని కూడా ఎవరూ అనలేదు. అబద్ధమంటే కొట్లాడొచ్చు. ‘ఏం లేదు’ అన్నారు. లేనిదాని కోసం ఎలా కొట్లాడతాం? పైగా ఆ గీత రోజురోజుకూ లోతవుతోంది. టైరు పేలితే అది ముందు సీటు, వెనక సీటు అని చూడదు.

మా ఆడబిడ్డ జ్యోతిరాణి కొడుకును ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుక వికారాబాద్‌లో, వాళ్లింట్లోనే పెట్టుకున్నారు. ఉయ్యాల, బట్టలు, పప్పు బస్తా, సకినాల డబ్బా, వాటి మధ్య ఖాళీలో నేను. అనంతగిరి మలుపుల్లో మా ఆయన చిరుతను ఆడించాడు. ప్రతి మలుపులో జర్రు, ప్రతి జర్రుకీ పోటు. నేను మాట్లాడలేదు. అత్తమ్మ ముందు నుంచి "చూసినవా, ఓమ నీళ్లు పట్టినయ్" అంది.

సాయంత్రం బయలుదేరేటప్పుడు వాళ్లు మర్యాదగా డిక్కీ నిండా సామాన్లు పెట్టి, ఆపైన రెండు బియ్యం బస్తాలు, ఒక గుమ్మడికాయ ఇచ్చారు. "డిక్కీ నిండింది, వెనక సీట్ల పెట్టు" అని మా ఆయన తాళం నా చేతికిచ్చి బావతో మాటల్లో పడ్డాడు. బస్తాలు వాళ్ల జీతగాడు జంగప్ప పెట్టాడు, గుమ్మడికాయ నేను పెట్టాను. అత్తమ్మ వచ్చి తన సీట్లో కూర్చుని, కొంగు సర్దుకుని, కళ్లు మూసుకుంది. చేతిలో తాళం ఉంది. పాత కారు తాళం కన్నా బరువుగా ఉంది, అంతే తేడా. వెనక తలుపు తెరిచే ఉంచి, ముందుకు నడిచి స్టీరింగు ముందు కూర్చున్నాను. సీటు ముందుకు జరుపుకున్నాను. అద్దాలు సరిచేసుకున్నాను.

మా ఆయన వచ్చి కిటికీ దగ్గర వంగాడు. "ఏందిది?"

"ఇయ్యాల నేను నడుపుతా. మీరు తిని అలసిపోయినరు, జర కూసోండి."

"నీకు రాదు, దిగు."

"లైసెన్సు ఉన్నది. అత్తమ్మను మూడేండ్లు తిప్పిన."

ఆయన అత్తమ్మ వైపు చూశాడు. ఆమె మోకాళ్లు మామూలుగానే ముందు సీటులో ఉన్నాయి. తల్లిని వెనక్కి పొమ్మనే కొడుకు కాడు. అరుగు మీద నిలబడ్డ చెల్లెలి అత్తామామలు, బావ, చుట్టాలు అందరూ చూస్తున్నారు. పెళ్లాం చేతిలోంచి తాళం గుంజుకునే బావమరిది అనిపించుకోవడం కూడా ఇష్టం లేదు. "అరె, వదిన నడుపుతదా? మస్తుగున్నది!" అంది జ్యోతిరాణి. ఇంక దారి లేదు. మా ఆయన బస్తాల మీదుగా కాలు ఎత్తి వేసి, నా ఖాళీలో కూర్చున్నాడు. గుమ్మడికాయ ఒళ్లోకి తీసుకున్నాడు. ఇంకెక్కడా చోటు లేదు మరి.

క్లచ్ గట్టిగా ఉన్నమాట నిజం. పికప్ నాకు అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు. మలుపుల్లో నెమ్మదిగానే నడిపాను, ఆయన పోయినదానిలో సగం వేగంతో. మొదటి గుంతలో జర్రుమంది.

"ఏందే ఆ చప్పుడు?"

"ఏ చప్పుడు?" అన్నాను.

"వెనక. లెఫ్ట్ సైడ్."

"నాకేం ఇనబడ్తలేదే" అన్నాను. నిజంగానే వినబడలేదు. ముందు కూర్చుంటే ఇంజను మోత తప్ప ఏమీ వినబడదు. ఆయన ఇన్నాళ్లూ అబద్ధం చెప్పలేదన్నమాట. అది తెలిసి కొంచెం నిరాశపడ్డాను.

అత్తమ్మ కళ్లు తెరవకుండానే అంది. "గ్యాస్ గావచ్చురా నవీనూ."

అనంతగిరి దిగాక రోడ్డు ఇంకా పాడు. గుంతను తప్పించగలిగినంత తప్పించాను, తప్పనివి తప్పలేదు. వెనక నుంచి "అబ్బ" అని ఒకసారి, "అమ్మా" అని ఒకసారి. తర్వాత గుమ్మడికాయ పక్కకు దొర్లిన చప్పుడు. "ఆపు, ఆపు" అన్నాడు. ఆపాను. దిగి, నడుము మీద చేయి పెట్టుకుని, చక్రం దగ్గర కూర్చుని సెల్లు లైటు వేశాడు. చాలాసేపు చూశాడు. వచ్చి మళ్లీ వెనకే కూర్చున్నాడు. "సీదా నిసార్ దగ్గరికి పో" అన్నాడు.

తాండూరు చేరేసరికి షెడ్డు ఇంకా తెరిచే ఉంది. నిసార్ వంగి చూసి నాలుక కరుచుకున్నాడు. "అరె బాప్‌రే. నవీన్ భాయ్, గిది టైరు సగం కోసుకపోయింది. గీ లోడ్ మీద ఇంగ జర పోతే ఫట్ మనేది." టైరుకూ రేకుకూ మధ్య వేలు పెట్టబోయాడు. పట్టలేదు. బస్తాలు దింపించాడు. కారు లేచింది. ఇప్పుడు వేలు పట్టింది. ముగ్గురమూ ఆ వేలిని చూశాం.

తప్పు ఎవరిదన్న ప్రశ్న ఎవరూ అడగకుండానే జవాబులు మొదలయ్యాయి. రోడ్డు ఖరాబుందన్నాడు మా ఆయన. పుణెవాడు తప్పు సైజు పంపిండన్నాడు నిసార్. లారీల వల్ల రోడ్లు గట్లయితున్నయన్నారు ఇద్దరూ కలిసి. నేను తాళం పట్టుకుని నిలబడ్డాను. నాకు చెప్పడానికి కొత్తగా ఏమీ లేదు. అంతా ఆరు నెలల కిందే చెప్పేశాను.

అప్పుడు అత్తమ్మ కారు కిటికీ దించి, తల బయటపెట్టింది. "ఇన్ని దినాలు మంచిగున్న బండి ఇయ్యాలనే ఎట్ల ఖరాబయింది? ఆమె నడిపింది గద. ఆడోళ్లు నడిపితే గిట్లనే అయితది."

నిసార్ ముఖం వెలిగింది. పుణెవాడి కన్నా ఇది సులువు. "అమ్మ చెప్పింది గూడ కరెక్టే భాయ్. భాభీకి గీ బండి అలవాటు లేదు గద, గుంతలల్ల జర గట్టిగ దించిన్రేమో..."

ఇద్దరూ మా ఆయన వైపు చూశారు. తప్పించుకోవడానికి ఆయనకు తలుపు తెరిచి పెట్టారు, లోపలికి నడవడమే మిగిలింది. ‘ఔను’ అంటే చాలు. రేపటి నుంచి తాళం ఆయన జేబులో, నేను బస్తాల మధ్య, చప్పుడు మళ్లీ ఎక్కడా లేదు. నేను ఆయన ముఖం చూడలేదు. నడుము మీద ఉన్న చేతిని చూశాను. ఇంకా తీయలేదు.

"కాదమ్మా" అన్నాడు. గొంతు చిన్నగా వచ్చింది, నిసార్ వినడానికి దగ్గరికి జరగాల్సి వచ్చింది. అది చూసి ఈసారి గట్టిగా అన్నాడు. "ఆమె నడిపినందుకు గాదు. ఆర్నెల్ల సంది చెప్తనే ఉన్నది, చప్పుడైతుంది, చప్పుడైతుంది అని. మేం చూసినప్పుడల్లా ఆమెను దించి చూసినం. తప్పు నాది."