తెరిచి మూసిన పెట్టె

నాకు ఏ మెయిల్ ప్రోగ్రాం కావాలో మా ఆయన పెసరట్టు తింటూ తేల్చేశాడు.

"నీకు ఆల్పైన్ పెట్టేశాను జ్యోతీ. అందులో కింద మెనూ ఉంటుంది, చూసి నొక్కుకోవడమే. మట్ అని ఇంకో ప్రోగ్రాం ఉంది, దాని జోలికి పోకు, తికమక పడతావ్. ఇంకొంచెం అల్లం పచ్చడి వెయ్యి."

వేశాను. బందరు పక్కనున్న ఇంజినీరింగ్ కాలేజీలో ఇద్దరం పనిచేస్తాం. నేను లెక్కలు చెబుతాను. మురళి కంప్యూటర్లు చెబుతూ, డిపార్ట్‌మెంటు అంతా కలిసి వాడుకునే యూనిక్స్ సర్వర్‌ను చూసుకుంటాడు. ఈ రోజుల్లో కూడా నల్ల తెర మీద మెయిలేంటని పిల్లలు నవ్వుతారు గానీ, మా హెడ్డు గారికి అదంటే ప్రాణం. కొత్త సర్వర్ వచ్చింది కాబట్టి ఎవరికి నచ్చిన మెయిల్ ప్రోగ్రాం వాళ్లు ఎంచుకోండని నోటీసు పెట్టారు. అది నా దాకా వచ్చేసరికి మురళికి నచ్చిందే నాకు నచ్చినట్టయింది. పెళ్లయిన కొత్తలో స్కూటీ రంగు, తరవాత బ్యాంకు, ఆ తరవాత నా పాస్‌వర్డు. "మర్చిపోతావ్, నా దగ్గర కూడా ఉండనీ" అన్నాడు. మా బాబు లోహిత్ పరీక్షల తేదీలు, అత్తయ్య గారి బీపీ మాత్రలు, పాలవాడి నాగాలు, గ్యాసు బుక్ చేసిన రోజు, అన్నీ మోస్తున్న బుర్ర ఒక్క పాస్‌వర్డు దగ్గర తడబడుతుందట.

నిజానికి ఆ మెయిల్‌తో అందరికన్నా నాకే ఎక్కువ పని. విశాఖలో పీహెచ్‌డీకి అప్లై చేశాను. ఈ ఏడు దాటితే వయసు దాటిపోయిందంటారని భయం. గైడుగా ఉంటానన్న మాధవి గారు ఇంటర్వ్యూ తేదీ మెయిల్ చేస్తానన్నారు. ఈలోపు అత్తయ్య గారికి శుక్లాల ఆపరేషన్ అయితే కోడూరు వెళ్లి, వారం పాటు కంట్లో చుక్కలు వేసి, నిన్ననే తిరిగొచ్చాను. "నువ్వు రాకపోతే ఎవరొస్తారమ్మా, వాడికి కాలేజీ ఉంటుంది కదా" అంది ఆవిడ. నాదీ అదే కాలేజీ అని ఆవిడకి ఎప్పుడూ తోచలేదు.

మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో, కొత్తగా చేరిన హాసిని నా పక్కన కుర్చీ లాక్కుంది.

"మేడమ్, ఒక్కసారి మట్ చూడండి. నచ్చకపోతే మానేద్దురు గానీ."

తికమక పడితే పడతాను, నా తికమక నాది అనుకుని తెరిచాను. నేను ఊళ్లో లేని వారంలో వచ్చిన మెయిళ్లు వరసగా కనిపించాయి. మాధవి గారిది మాత్రం లేదు. ప్రతి మెయిల్ ముందూ ఇంగ్లీషు 'ఓ' ఉంది.

"ఇదేంటమ్మా?"

"కొత్తవైతే 'ఎన్' అని ఉంటుందండీ. 'ఓ' అంటే, చదవలేదు గానీ, అది వచ్చాక పెట్టె ఒకసారి తెరిచి మూశారని. ఆల్పైన్‌లో ఈ తేడా కనపడదు లెండి. ఊర్నించి మీరే తెరిచుంటారు."

నేను తెరవలేదు. పంపిన మెయిళ్లు ఎక్కడుంటాయని అడిగితే హాసిని చూపించింది. చివరిది మాధవి గారికి, నా పేరుతో. 'ఇంటి బాధ్యతల వల్ల ఈ ఏడాది చేరలేను. మీ సమయం వృథా చేసినందుకు క్షమించండి.' దాని కింద ఆవిడ రాసిన మెయిల్ మొత్తం అలాగే ఉంది. వచ్చే సోమవారం ఇంటర్వ్యూకి రమ్మని.

వచ్చిన మెయిల్ చెరిపేసిన మనిషి, పంపిన జవాబు నకలు అక్కడే ఉంటుందని ఎలా మర్చిపోయాడు? మర్చిపోలేదు. నేను ఆ అర ఎప్పటికీ తెరవనని ధీమా. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నా బదులు వద్దనడమే కాదు, నా బదులు క్షమాపణ కూడా చెప్పేశాడు!

మురళిని పిలిపించాను. అతను రాగానే హాసిని లేచి వెళ్లింది. తెర చూసి ఒక్క క్షణం తడబడ్డాడు, అంతే.

"నీ మంచికేనే. ఎటూ వెళ్లలేవు, వద్దని రాయడానికి బాధపడతావని నేనే రాసేశాను. అమ్మకి రెండో కన్ను కూడా చేయించాలి కదా."

"ఆ కంట్లో చుక్కలు మీరు వెయ్యలేరా?"

ముందు పాస్‌వర్డు మార్చాను. కానీ సర్వర్ తాళాలన్నీ అతని చేతిలోనే ఉన్నాయి, తల్చుకుంటే ఎవరి పెట్టెనైనా తెరవగలడు. ఇక దాచుకుని లాభం లేదనిపించింది. అతను చూస్తుండగానే, మట్‌లోనే, మాధవి గారికి రాశాను. 'ఇంతకుముందు వచ్చిన జవాబు నేను రాసింది కాదు. నా అకౌంటు తెరిచి నా భర్త రాశారు. సోమవారం వస్తున్నాను.' నకలు మా ప్రిన్సిపాల్ గారికి కూడా వెళ్లేలా పెట్టాను.

"ఆయనకెందుకే? పరువు పోతుంది!" మురళి గొంతు తగ్గించాడు. "కనీసం ఆ 'నా భర్త' అన్న మాటైనా తీసెయ్. అందరూ నవ్వుతారు."

ఆలోచించాను. నిజమే. భర్త అని ఉంటే అందరూ నవ్వి ఊరుకుంటారు. మొగుడూ పెళ్లాల గొడవ, సర్దుకోమ్మా అంటారు. అతను అడిగినట్టే ఆ మాట చెరిపేశాను. మురళి ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఖాళీలో 'మా కాలేజీ సర్వర్ బాధ్యత చూసే మురళీకృష్ణ గారు' అని కొట్టి, పంపించాను.